తెల్లదారంతో కుట్టిన హెచ్చరిక

మా అమ్మ బొంతలు కుట్టుద్ది. పాత చీరలు, చిరిగిన లుంగీలు, మా చిన్నప్పటి గౌన్ల ముక్కలు పొరలు పొరలుగా పరిచి, నేలమీద కూచుని కుట్టుద్ది. నాకు టీచరుద్యోగం వచ్చిన కొత్తల్లో, తోటి టీచర్లు ఇంటికొస్తున్నారని ఆ బొంతని మడిచి మంచం కిందికి తోశాను. అమ్మ చూసింది. ఏమీ అన్లేదు. కన్సుయెలో హిమెనెజ్ అండర్‌వుడ్ గురించి రాయాలంటే నేను ఆ మంచం కింద నుంచే మొదలుపెట్టాలి.

ఆమె 1949లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. వలస వ్యవసాయ కూలీల బిడ్డ. తండ్రి మెక్సికో వాడు, విచోల్ అనే ఆదివాసీ మూలాలున్నవాడు. చిన్నతనంలోనే ఇంటివాళ్ళతో పొలాల్లో కూలి చేసింది. తర్వాత చదువుకుని శాన్ హొసే స్టేట్ యూనివర్సిటీలో నేతకళ నేర్పే ప్రొఫెసరైంది. 2024లో చనిపోయింది.

1994లో ఆమె ఒక చిన్న బొంత కుట్టింది. పేరు 'విర్హెన్ దె లోస్ కామినోస్', అంటే దారుల కన్యమాత. ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. నేను చూసింది ఫొటోలోనే. నూలు, పట్టు బట్టల మీద రంగురంగుల పూలు. మధ్యలో మెక్సికో జనం కొలిచే గ్వాదలూపే మాత, అస్థిపంజరంగా. ముందు పూలే కనపడతాయి. బాగా దగ్గరికెళ్తేగానీ కనపడనిది ఇంకోటుంది. తెల్లటి బట్టమీద తెల్లదారంతో, చేతులు పట్టుకుని పరిగెత్తే తల్లీ తండ్రీ కూతురూ, దాంతోపాటు 'జాగ్రత్త' అనే మాట.

ఆ బొమ్మ ఆమె కల్పించింది కాదు. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు హైవే దాటుతూ కార్ల కింద పడి చచ్చిపోతుంటే, 1990 ప్రాంతంలో దక్షిణ కాలిఫోర్నియా రోడ్ల మీద పెట్టిన పసుపుపచ్చ బోర్డు అది. గీసినతను జాన్ హుడ్, నవాహో ఆదివాసీ, రోడ్ల శాఖ ఉద్యోగి. పశువులు అడ్డమొస్తాయి జాగ్రత్త అన్నట్టే మనుషులకీ ఓ బోర్డు! 2018 నాటికి చివరి బోర్డు కూడా పోయింది. కుట్టు మాత్రం ఉంది. కారులో పోయేవాడికి కనపడాలని పెట్టిన బొమ్మని ఆమె కనపడకుండా కుట్టింది. దూరాన నిలబడి "ఎంత అందంగా ఉందో" అనేవాళ్ళకి పూలే దక్కుతాయి.

2004లో చేసిన 'రన్, జేన్, రన్!' అట్లా కాదు. అదే కుటుంబం బొమ్మ పెద్దగా కనపడుద్ది. నేసిన బట్టలో ముళ్ళకంచె తీగ, ప్రమాదం దగ్గర కట్టే పసుపు టేపు కలిపింది. పేరు వినగానే పంతులమ్మగా నాకు తట్టింది వాచకమే. జేన్ అనే తెల్లపిల్ల పరిగెత్తి ఆడుకునే పాఠాలతో అమెరికాలో ఎన్నో తరాల పిల్లలు చదవడం నేర్చుకున్నారు. ఇక్కడ పరిగెత్తే పిల్లకి అది ఆట కాదు. ఆ పేరు గొప్పగా ఉంది. అయినా నా ఓటు పాత బొంతకే. ముళ్ళతీగ చూడగానే అర్థమైపోయి, చూసేవాడు తేలిగ్గా తప్పుకుంటాడు.

లాటినో కళాకారుల బట్టపనికి ఇప్పుడు మ్యూజియాలు సంబరం చేస్తున్నాయి. ఆడవాళ్ళ చేతిపని, చిల్లరపని అని పక్కన పెట్టినదాన్ని కళ అంటున్నారు. సంతోషమే. కానీ గోడకెక్కిన బొంతని చూసి చప్పట్లు కొట్టినవాళ్ళు, దాన్ని కుట్టిన మనుషుల్లాంటి వాళ్ళు వాకిట్లో నిలబడితే కుర్చీ వేస్తారా? ఇది నన్ను నేను కూడా అడుక్కోవాల్సిన మాట. వాళ్ళ సరిహద్దూ మన ఊరిచివరా ఒకటేనని మాత్రం నేననను. వాళ్ళ చావులు వేరు, వాటి లెక్క వేరు.

ఫొటో అమ్మకి చూపించాను. ఫోను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది.

"కప్పుకోటానికా, గోడకా?"

"గోడకేనమ్మా."

"ఎనకేపు చూపియ్యి. కుట్టు చూస్తా."

వెనకవైపు ఫొటో ఎక్కడా దొరకలేదు. ఇంకా వెతుకుతున్నా.