రెండు 334లు, ఒక ఎండు తెగులు

గుంటూరు మిర్చి యార్డులో '334' అంటే లాం ఫారం రూపొందించిన ఎల్‌సీఏ-334. మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్తకు 334 అంటే మెక్సికో నాటురకం క్రియోల్లో దె మోరెలోస్, అంటే సీఎం-334. అంకె ఒకటే అయినా రెండూ నెగ్గిన పరీక్షలు వేరు. మిర్చి రైతు విత్తనం ఎంచేటప్పుడు చూడాల్సింది ఈ తేడానే.

లాం రకం బలం కాయలో ఉంది. ఎండుమిర్చిగా దానికి యార్డులో సొంత గిరాకీ ఉంది. ఎండు తెగులును ఓర్చుకునే రకంగా మాత్రం దానికి పేరు రాలేదు. మెక్సికో రకం బలం వేరులో ఉంది. ఫైటాఫ్తరా క్యాప్సిసి సోకినా అది నిలబడుతుంది. 2014లో దాని జన్యుక్రమం వెలువడింది. ఆ రక్షణలో పెద్ద వాటా ఐదో క్రోమోజోమ్‌దే అయినా, మరెన్నో జన్యువులు తోడైతేనే అది పూర్తవుతుంది. కాయేమో చిన్నది, మన బజారు అడిగేది కాదు. సంకరం చేస్తే గట్టి వేరూ మంచి కాయా ఒకే మొక్కలో కుదరడం కష్టం.

సీఎం-334 గెలుపుకూ హద్దుంది. రైతు 'ఎండు తెగులు' అనేది ఒక్క జబ్బు కాదు. నీరు నిలిచే పల్లంలో మొక్క పచ్చగానే వాలిపోయి మొదలు నల్లబడితే అది ఫైటాఫ్తరా; సీఎం-334 నెగ్గింది దీని మీదే. గరువు నేలలో కింది ఆకులు పసుపెక్కి, కాండం చీలిస్తే లోపల గోధుమ చారలు కనబడితే ఫ్యుజేరియం. కోసిన కాండాన్ని గ్లాసు నీళ్లలో ఉంచినప్పుడు పాలలాంటి ధార దిగితే బాక్టీరియా. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి 'ఉజ్వల' ఈ మూడోదాన్నే తట్టుకునే రకం. ఆ ఖ్యాతిని నమ్మి ఫ్యుజేరియం ఉన్న చేలో వేస్తే లాభం లేదు.

కనుక ప్యాకెట్ మీద 'తెగులు తట్టుకునేది' అన్న మాట సగం మాటే. ఏ తెగులును, ఎలాంటి నేలలో అని డీలరును నిలదీయాలి. సీఎం-334 విత్తన శాస్త్రవేత్త చేతి సరుకు. ఎల్‌సీఏ-334 అమ్ముకునే రైతు పంట. అమ్మకానికైతే నా ఓటు రెండోదానికే. వేరులో లేని బలాన్ని సేద్యంతో పూడ్చాలి: పల్లంలో ఎత్తు బోదెలు, నీరు పోయే దారి, గరువులో పంట మార్పిడి, నేలలో ఆమ్లత్వం తేలితే సున్నం. ఏది ముందో చెప్పేది చీల్చిన కాండమే.