పల్నాటి గూడుబండి: చక్రాల మీద కట్టుకున్న ఇల్లు

రెంటచింతల దగ్గరి గోలి గ్రామంలో దొరికిన బౌద్ధ శిల్పాల్లో ఒక పొడవాటి పలక ఉంది. క్రీ.శ. 3వ శతాబ్దం నాటిదంటారు. ఇప్పుడది చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. గోలి శిల్పాల మీద టి.ఎన్. రామచంద్రన్ రాసిన పరిశీలనను ఆ మ్యూజియమే 1929లో అచ్చువేసింది. ఆ పలక మీద చెక్కింది వెస్సంతర జాతకం. అడిగినవాళ్లకు లేదనలేక దేశం విడిచిపోవలసి వచ్చిన రాకుమారుడు భార్యనూ ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని అడవిదారి పట్టే కథ అది. జాతకంలో వాళ్లు ఎక్కింది గుర్రాల రథం. పల్నాటి శిల్పి మాత్రం ఎద్దుల బండి చెక్కాడు. పిల్లాజెల్లాతో దూరాభారం పోవాలంటే ఈ నేల మీద మనిషికి తోచేది బండే.

ఆ బండికి వెదురు గూడు ఎక్కించి, లోపల గడ్డి పరిచి, అడుగున లాంతరు కట్టి తిరునాళ్లకు బయలుదేరితే అది గూడుబండి. పగలు నీడ, రాత్రి పడక, దారి పొడుగునా సామాను గది, ఆగినచోట వంటిల్లు. ఈరోజు క్యాంపర్ వ్యాన్ అని ముచ్చటపడి కొనుక్కునేవాళ్లు కోరుకునేవి కూడా ఈ నాలుగే. కోటప్పకొండ శివరాత్రికి, కారంపూడి వీరుల ఉత్సవాలకు, మాచర్ల చెన్నకేశవస్వామి తిరునాళ్లకు, అమరావతికి, సత్రశాల రేవుకు పల్నాటి కుటుంబాలు తరతరాలుగా ఇలాగే పోయాయి. ఈ బండిని దగ్గరగా చూస్తే ఇందులో ఊరికే ఉన్న ముక్క ఒక్కటీ కనిపించదు. ప్రతిదీ కనీసం రెండు పనులు చేస్తుంది, ప్రతిదాన్నీ దారిలోనే బాగుచేసుకోవచ్చు. దూరప్రయాణంలో సుఖమంటే ఏమిటో ఈ బండి చేసినవాళ్లకు బాగా తెలుసు.

చక్రంతో మొదలుపెడదాం. నడుమ ఇరుసు దూరే లావుపాటి దిమ్మె కుండ. దాని నుంచి చుట్టూ పరుచుకునే కర్రలు ఆకులు. ఆకుల చివర వంపుగా అమర్చిన ముక్కలు పూటీలు. సాధారణంగా పన్నెండు ఆకులకు ఆరు పూటీలు ఉంటాయి, అంటే ఒక్కో పూటీ రెండేసి ఆకులను పట్టుకుని ఉంటుంది. కర్ర నల్లతుమ్మ. దెబ్బకు ఓర్చుకునే గుణం, చీలిపోకుండా బరువు మోసే గట్టిదనం రెండూ ఉన్న చెట్టు, పైగా పొలంగట్ల మీద విరివిగా దొరికేది. దుంగను నీళ్లలో నానబెట్టి, నీడలో నిదానంగా ఆరబెట్టి, అది ఇక వంకరపోదని తేలాకే వడ్రంగి బాడిస పడతాడు. కుండలో బెజ్జాలు ఉలితో తొలుస్తాడు. ఆకు కొసను బెజ్జంలోకి సుత్తితో కొట్టి దింపితే మళ్లీ బయటికి లాగలేనంత బిగువుగా దిగాలి. ఎక్కడా జిగురు లేదు. ఆకునూ కుండనూ కలిపే మేకు లేదు.

వీటన్నిటినీ ఒక్కటిగా పట్టి ఉంచేది చుట్టూ వేసే ఇనుప కట్టు. ఈ పనిలో అన్నిటికన్నా చూడదగ్గ ఘట్టం ఇదే. కట్టును చక్రం చుట్టుకొలత కన్నా కావాలనే కాస్త చిన్నదిగా చేస్తారు. ఐదడుగుల చక్రం చుట్టుకొలత పదహారడుగులకు కొంచెం తక్కువ. అంత పొడవు ఇనుము ఎర్రగా కాలితే అంగుళం పైగా సాగుతుంది. ఆ అంగుళమే కమ్మరి చేతిలోని కిటుకు. చక్రాన్ని నేల మీద వెల్లకిలా పడుకోబెడతారు. పక్కన పిడకల మంటలో కట్టు ఎర్రబడుతుంది. ముగ్గురు నలుగురు పట్టుకార్లతో ఎత్తి, చక్రం అంచుకు సరిగ్గా ఆనించి, సుత్తులతో చుట్టూ దిగగొడతారు. తుమ్మకర్ర అంటుకుని పొగలేస్తుంది. ఆ క్షణంలోనే బిందెలతో నీళ్లు గుమ్మరిస్తారు. ఇనుము కుంచించుకుంటూ పూటీలను ఆకుల మీదికి, ఆకులను కుండలోకి నొక్కుతుంది. కటకటమని కీళ్లు బిగుసుకునే చప్పుడు పైకే వినిపిస్తుంది. కొలత పావంగుళం ఎక్కువైతే కట్టు నాలుగు రోజుల్లో వదులవుతుంది. మరీ తక్కువైతే చక్రం వంగిపోతుంది. కాగితం మీద లెక్క వేసుకోకుండా, కంటితో వేడిని, చేత్తో కొలతను పట్టుకున్న విద్య ఇది.

అంత పెద్ద చక్రం ఎందుకు? పల్నాటి దారి కోసం. నరసరావుపేట, సత్తెనపల్లి వైపు నల్లరేగడి, వానొస్తే మోకాలు దిగబడే నేల. గురజాల, మాచర్ల వైపు నాపరాళ్లు, గులకరాళ్లు. చక్రం ఎంత పెద్దదైతే గుంటలో అంత తక్కువ దిగుతుంది, రాయిని అంత సులువుగా ఎక్కి దిగుతుంది. లోపల కూర్చున్నవాళ్లకు తగిలే కుదుపూ అంత తగ్గుతుంది. రాళ్ల దారి కనుక చక్రానికి ఇనుప కట్టు ఎంత అవసరమో, ఎద్దు కాళ్లకు నాడాలూ అంతే అవసరం. గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండేసి, ఎద్దుకు ఎనిమిది.

పల్నాటి ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. వేసవి వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాడు ఉండడు. ఆ ఎండకు కర్ర ఎండి కుంచించుకుంటుంది, కట్టు వదులవుతుంది. దీనికి మందు దారిలోనే ఉంది. నాగులేరో చంద్రవంకో అడ్డం వస్తే బండిని కాసేపు నీళ్లలో నిలుపుతారు. ఎద్దులు నీళ్లు తాగుతాయి, పిల్లలు దిగి ఆడుకుంటారు, ఆలోగా కర్ర నీరు పీల్చి ఉబ్బి కట్టులో మళ్లీ బిగుసుకుంటుంది. సేద తీరడం, మరమ్మతు ఒకే తడవలో అయిపోతాయి.

ఇరుసు దగ్గర మరో చిన్న ఏర్పాటు ఉంది. బండి కింద వేలాడే గొట్టంలో కందెన ఉంటుంది. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసే నల్లటి ముద్ద అది. రెండూ ఇంట్లో దొరికేవే. సీల ఊడదీసి, చక్రాన్ని కాస్త బయటికి లాగి, ఇరుసుకు పులిమి మళ్లీ తోస్తారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత. రాత్రి ప్రయాణంలో లోపల పసిపిల్లలు నిద్రపోవాలంటే ఆ సంగీతం ఉండకూడదు. కనుక కందెన ఎద్దు శ్రమనూ తగ్గిస్తుంది, పిల్లల నిద్రనూ కాపాడుతుంది.

ఇప్పుడు గూడు. వెదురు బద్దలను విల్లులా వంచి, రెండు కొసలూ బండి పక్కకర్రలకు కట్టి, వరసగా కమానులు నిలబెడతారు. వాటి మీద వెదురు తడకో చాపో పరిచి తాళ్లతో బిగిస్తారు. వెదురు తేలిక, ఎద్దు మీద బరువు పడదు. తడక అల్లిక సందుల్లోంచి గాలి ఆడుతుంది. ముందూ వెనకా తెరిచి ఉంటుంది కనుక బండి కదిలితే చాలు లోపల గాలి పారుతుంది. ఆడవాళ్లకు మరుగు కావాలంటే వెనక చీర కడతారు. వంపు తిరిగిన కప్పు మీద వాన నిలవదు. అన్నిటికన్నా మెచ్చుకోవలసింది, ఈ గూడు శాశ్వతంగా బిగించింది కాదు. నిన్నటిదాకా పొలానికి ఎరువు తోలి, పత్తి బోరేలు మోసిన బండే కడిగి, గూడు కట్టుకుని ఈరోజు ప్రయాణబండి అవుతుంది. తిరునాళ్లు ముగిశాక గూడు దిగి చావిట్లో మూలకు చేరుతుంది, బండి మళ్లీ పొలానికి పోతుంది. ప్రయాణాలకే వాడే చిన్న సవారి బండ్లు కలవారి ఇళ్లలో ఉండేవి. రైతు ఇంట్లో ఒక్క బండే రెండు బతుకులు బతికింది.

ఇదే ఆలోచన జర్మనీలో 1951లో వెస్ట్‌ఫాలియా కంపెనీకి వచ్చింది. ఫోక్స్‌వాగన్ వ్యానులో అమర్చుకునేలా ఒక పెట్టె తయారుచేసింది. విప్పితే పడక, సామాను అర, వంటకు చోటు. పనిరోజుల్లో ఆ పెట్టె తీసేస్తే వ్యాను మామూలుగా సరుకు మోస్తుంది. ప్రపంచమంతా పేరుపొందిన ఆ క్యాంపర్ వ్యాను మొదలైంది అక్కడ. పనిబండినే సెలవునాటి ఇల్లుగా మార్చుకునే తెలివి మన మేదరికీ వడ్రంగికీ అంతకు ఎంతో ముందే ఉంది.

గూడు లోపల పడక సంగతి ఇంకా గొప్పది. సరుకు బండికి స్ప్రింగులు ఉండవు. ఆ పని గడ్డి చేస్తుంది. జానెడు మందాన గడ్డి పరిచి, మీద బొంత, దాని మీద దుప్పటి వేస్తారు. చక్రం రాయెక్కి దిగిన అదురు బొంత దాకా వచ్చేసరికి సగం చచ్చిపోతుంది. ప్రయాణం సాగేకొద్దీ ఆ గడ్డిలోంచే తీసి ఎద్దులకు వేస్తారు. పరుపే ఇంధనం. అదనంగా కావలసిన మేత బండి అడుగున కట్టిన గోనెలో ఉంటుంది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదలకముందు ఎగువ పల్నాడు మెట్టసీమ. వరిగడ్డి అపురూపం, జొన్నచొప్పే మేత. మేతగా జొన్నచొప్ప కట్టలు వేసుకుని, మెత్తటి గడ్డి పడకకు దాచుకునేవాళ్లు.

మనుషులు కూర్చునే తీరు కూడా బండి పనితనంలో భాగమే. రెండు చక్రాల బండి కనుక బరువు ఇరుసుకు అటూ ఇటూ సమంగా పడాలి. ముందుకు మొగ్గితే కాడి ఎద్దుల మెడల మీద కూరుకుంటుంది. వెనక్కు మొగ్గితే కాడి పైకి లేచి పలుపులు గొంతు నొక్కుతాయి. అందుకే బియ్యం మూట, నీళ్ల బిందెల వంటి బరువులు ఇరుసు మీదికి వచ్చేలా సర్దుతారు. ఎగువ ఎక్కేటప్పుడు లోపలివాళ్లను ముందుకు జరగమంటాడు బండి తోలేవాడు, దిగువకు పోయేటప్పుడు వెనక్కు జరగమంటాడు. పిల్లలకు కూడా ఇది అలవాటైపోతుంది. తాము కూర్చున్న తీరు ఎద్దు మెడకు తెలుస్తుందని చిన్నప్పుడే నేర్చుకోవడం మంచి చదువు.

మాచర్ల నుంచి నరసరావుపేట ఎనభై కిలోమీటర్ల పైమాటే. ఎద్దు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది. అంటే దారిలో రెండు మూడు రాత్రులు తప్పవు. ఎండకాలం పగలు చెట్టుకింద ఆగి, పొద్దువాలాక బండి కడతారు. నాలుగైదు బండ్లు ఒకదాని వెనక ఒకటి సాగుతాయి. ముందు బండి తోలేవాడు మెలకువగా ఉంటే చాలు, వెనక ఎద్దులు దాని జాడలోనే నడుస్తాయి. మెడలో గంటలు అలంకారమే కాక, వెనకబడిన బండిని కనిపెట్టే గుర్తు కూడా. బండి అడుగున కట్టిన లాంతరు దారికి వెలుగిస్తుంది, లోపల నిద్రపోయేవాళ్ల కళ్లల్లో పడదు. తెల్లవారుజామున బావి దగ్గరో చెరువుగట్టునో ఆగి, మూడు రాళ్లు పెట్టి ఎసరు పెడతారు. దారికి పులిహోర, సద్దిమూట ఉండనే ఉంటాయి.

ఈ ఏర్పాటు విలువ తెలియాలంటే ఏనుగుల వీరాస్వామయ్య ప్రయాణాన్ని పక్కన పెట్టి చూడాలి. ఆయన 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. బోయీలు మోసే పల్లకీ, డేరాలు, వంద మంది దాకా పరివారం వెంట ఉండేవి. ఎక్కడ నీళ్లున్నాయో, ఎక్కడ సరుకు దొరుకుతుందో రాసిపెట్టిన ఆ 'కాశీయాత్ర చరిత్ర' తెలుగువారికి దొరికిన పెద్ద కానుక. అయితే ఆ స్థాయి ఏర్పాట్లు హోదా, సొమ్ము ఉన్నవాళ్లకే చెల్లుతాయి. ఒక జత ఎద్దులు, తోలడానికి ఒక మనిషి, గూడు కట్టిన బండి ఉంటే సామాన్య రైతు కుటుంబం ముసలివాళ్లతో, బాలింతలతో సహా క్షేమంగా పోయిరాగలిగింది. సుఖాన్ని అంత మందికి అందుబాటులోకి తెచ్చిన పనితనం ఇది.

తరవాత గాలి టైర్ల బండి వచ్చింది. ఎద్దుకు లాగడం తేలికైంది, రోడ్డు చెడలేదు. ఎద్దులబండిని మెరుగుపరచాలని బెంగళూరు ఐఐఎం డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి ఏళ్లపాటు కృషి చేశారు. ఈలోగా ట్రాక్టర్లు, ఆటోలు, బస్సులు దారులను ఆక్రమించాయి. ఇప్పుడు కోటప్పకొండకు జనం ట్రాక్టరు ట్రాలీల్లో వస్తున్నారు. ఇందులో తప్పు లేదు. ఎద్దు శ్రమ తగ్గింది, మనిషి సమయం మిగిలింది. బండి పోయినందుకు కాకపోయినా, దాని వెనక ఉన్న విద్య పోతున్నందుకు మనం కలత పడాలి.

సొంతంగా క్యాంపర్ వ్యాను కట్టించుకోవాలనుకునే కుర్రవాళ్లు మన ప్రాంతంలోనూ పెరుగుతున్నారు. వాళ్లకు ఈ బండి చెప్పే మాటలు తేటగా ఉన్నాయి. బరువును ఇరుసు మీద సర్దండి. కప్పు తేలికగా ఉంచి గాలి పారనివ్వండి. ఒక్క పనికే పనికొచ్చే వస్తువును వెంట తీసుకెళ్లకండి. దారిలో బాగుచేసుకోలేనిదాన్ని నమ్ముకోకండి. ఎండలో ఆగి, చల్లబడ్డాక కదలండి.

ఇక పాఠకులకు ఒక విన్నపం. మీ ఊళ్లో చావిడి మూలన పాత చక్రమో, గూడు కమానులో ఉంటే కట్టెల పొయ్యికీ పాతసామాన్లవాడికీ ఇవ్వకండి. బండి పని చేసిన వడ్రంగి, కట్టు వేసిన కమ్మరి, గూడు అల్లిన మేదరి ఇంకా ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని ప్రతి భాగం పేరు, కొలత, చేసే తీరు రాసుకోండి, ఫోన్లో వీడియో తీయండి. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. కొత్త జిల్లాకు ఒక మ్యూజియం కడితే, అందులో మొదటి గదిలో పూర్తిగా సిద్ధం చేసిన గూడుబండి ఒకటి నిలబెట్టాలి.