పాత లేత్‌ను గుర్తించడం, నిలబెట్టడం: సౌత్‌బెండ్ తొమ్మిదంగుళాల యంత్రం

లోహపు కమ్మీని ఒక ఇరుసు మీద గుండ్రంగా తిప్పుతూ, గట్టిగా బిగించిన కోత పనిముట్టును దాని వెంట జరుపుతూ, పైపొరను ఒలిచి కావలసిన కొలతకు తెచ్చే యంత్రమే లేత్. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో సౌత్‌బెండ్ పట్టణం పేరుతోనే ఓబ్రయన్ కవల సోదరులు 1906లో నెలకొల్పిన కర్మాగారం ఈ యంత్రాలకు పేరు మోసింది. అక్కడ 1930ల నుంచి తయారైన తొమ్మిదంగుళాల వర్క్‌షాప్ లేత్ బడులకు, చిన్న మరమ్మతు షాపులకు, ఇళ్ళ గ్యారేజీలకు చేరడంతో, పాత లేత్‌లను బాగుచేసుకునేవారి చేతికి నేటికీ తరచుగా అదే వస్తుంటుంది.

గుర్తింపులో మొదట తెలియవలసింది తొమ్మిదంగుళాలన్న మాటకు అర్థం. అది యంత్రం పొడవు కాదు; బెడ్, అంటే అన్ని భాగాలనూ మోసే పోత ఇనుప దిమ్మె, తగలకుండా తిరగగల వస్తువు గరిష్ఠ వ్యాసం. బెడ్ కుడి చివర, పట్టాల నడుమ, క్రమసంఖ్య పోటు వేసి ఉంటుంది. జిడ్డు, రంగు కప్పేసిన ఆ అంకెలను కిరసనాయిలు గుడ్డతో ఓపికగా తుడవాలే తప్ప ఎమెరీ కాగితంతో రుద్దకూడదు, ఎందుకంటే పోటు లోతు తక్కువ. క్రమసంఖ్య తయారీ కాలాన్ని పట్టిస్తే, యంత్రాంగం నమూనాను పట్టిస్తుంది. ఈ లేత్‌కు ‘ఎ’, ‘బి’, ‘సి’ అని మూడు నమూనాలున్నాయి. ‘ఎ’ నమూనాలో మీటలు జరిపి వేగంగా మార్చుకునే గేర్‌బాక్సు ఉంటుంది. బి, సి నమూనాలలో గేర్లను చేత్తో విప్పి మార్చుకోవాలి. ‘ఎ’, ‘బి’ నమూనాల లీడ్ స్క్రూకు, అంటే పనిముట్టును నడిపే పొడవాటి మరకడ్డీకి, నిలువునా గాడి ఉండి అడ్డకోతను కూడా యంత్రమే నడుపుతుంది. సి నమూనాలో అడ్డకోత చేతిపనే. ఈ భాగాలు ఒక నమూనా నుంచి మరొక నమూనాకు అమరుతాయి గనుక, ‘సి’ బెడ్ మీద ‘ఎ’ నమూనా గేర్‌బాక్సు కనిపించినా ఆశ్చర్యం లేదు. అందుకే రెండు ఆధారాలనూ కలిపి చదవాలి.

తరువాతి ప్రశ్న అరుగుదల. ఈ బెడ్ మీద మూడు కోణపు పట్టాలు, ఒక చదును పట్టా ఉంటాయి. పనిముట్టును మోసే క్యారేజీ బయటి రెండు కోణపు పట్టాల మీద, కమ్మీ చివరను ఆనించే టెయిల్‌స్టాక్ లోపలి జత మీద నడుస్తాయి. చాలా పనులు పొట్టివి కావడం వల్ల అరుగుదల ఎడమవైపున, కమ్మీని పట్టి తిప్పే చక్ దగ్గరే ఎక్కువ. క్యారేజీ లాకును అక్కడ కాస్త పట్టేలా బిగించి కుడికి జరిపినప్పుడు, అరగని చోటికి రాగానే అది బిగుసుకుపోతే బెడ్ బాగా అరిగిందని అర్థం.

విప్పేటప్పుడు ప్రతి దశనూ ఫొటో తీసి, ఒక్కో భాగపు మరలను ఒక్కో డబ్బాలో వేయడం మంచిది. పాత రంగులో సీసం ఉండవచ్చు గనుక దాన్ని పొడిగా గీకి దుమ్ము రేపకూడదు. పట్టాలను మాత్రం గ్రైండరుతో ముట్టుకోనేకూడదు. తుప్పు పోయినట్టే కనిపిస్తుంది గానీ, దానితోపాటు చదును కూడా పోతుంది. చదునును తిరిగి తెచ్చే పద్ధతి స్క్రేపింగ్: సమతలపు పలకకు నీలిరంగు పూసి ఆనించి, రంగంటిన మిట్టలను చేతి ఉలితో పొరపొరగా గీకడం. దీనికి చాలా ఓపిక, అనుభవం కావాలి.

ఇరుసును మోసే ఎడమవైపు భాగమైన హెడ్‌స్టాక్‌లో కొత్తవారు పొరబడే చోటు ఒకటుంది. ఇందులో స్పిండిల్‌కు, అంటే తిరిగే ఇరుసుకు, బాల్ బేరింగులు లేవు. నునుపైన ఉక్కు నేరుగా పోత ఇనుములోనే, పలచని నూనెపొర మీద తిరుగుతుంది. ఆ నూనెను కింది గుంట నుంచి పైకి పీల్చేది స్ప్రింగు తోసిపట్టే ఫెల్ట్ వత్తి. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన వత్తిని తప్పక మార్చాలి. స్పిండిల్‌ను తిరిగి దూర్చేటప్పుడు కొత్త వత్తిని సన్నని తీగతో కిందికి నొక్కిపట్టి, ఇరుసు చోటికి చేరాకే వదలాలి. లేకపోతే వత్తి నలిగి, నూనె అందక, లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. చిక్కని ఇంజినాయిలు ఇక్కడ పనికిరాదు. పలచని స్పిండిల్ నూనే వాడాలి.

బిగింపు పూర్తయ్యాక రసమట్టాన్ని బెడ్ రెండు చివరలా అడ్డంగా పెట్టి చూడాలి. నేల ఎగుడుదిగుడైతే ఇంత ఇనుమూ మెలితిరుగుతుంది. చివరి పరీక్షగా, టెయిల్‌స్టాక్ ఆధారం లేకుండా చక్‌లో బిగించిన కమ్మీ మీద, దూరంగా ఉన్న రెండు పట్టీలను ఒకే అమరికతో కోసి, రెండింటినీ మైక్రోమీటరుతో కొలవాలి. వ్యాసాలలో తేడా కనిపిస్తే టెయిల్‌స్టాక్ వైపు కాళ్ళ కింద పలచని రేకులు పెట్టి మెలిక తీసి, మళ్ళీ కోసి చూడాలి.

మెరిసే రంగు అమ్మకానికి పనికొస్తుంది. లేత్ విలువను తేల్చేది మాత్రం ఆ రెండు పట్టీల కొలతే. అరిగిన లేత్‌ను తూకానికి అమ్మబోయేవారు ఎవరైనా ముందుగా దాని క్రమసంఖ్యను రాసుకుని, బెడ్‌ను ఒకసారి పరీక్షించి, ఆ తరువాతే నిర్ణయం తీసుకోవడం మేలు.