చివరి వంద గజాలు

టీవీలో గోల్ఫ్ వస్తుంటే, బంతిని మూడొందల గజాలు బాదే వీరుల వంతు వచ్చినప్పుడు నేను టీ తాగుతూ కూర్చుంటాను. బంతి గ్రీన్ దాపుకి, అంటే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి దగ్గరికి, చేరాకే కప్పు పక్కన పెడతాను. ఆటలో లెక్క తేలేది అక్కడే. కోర్సుకు పార్, అంటే మంచి ఆటగాడికి పట్టాల్సిన దెబ్బలు, 72 అంటే పద్దెనిమిది గుంటలకూ రెండేసి పటింగ్ దెబ్బలు (గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించేవి) కలిపి వేసిన లెక్క. సగం, అంటే 36 దెబ్బలు, గ్రీన్ మీదే. ఆ సగానికి కండబలంతో పనిలేదు.

దీనికి నిలువెత్తు సాక్ష్యం మన గోల్ఫర్ శివశంకర్ ప్రసాద్ చౌరాసియా. 1829లో ఏర్పడిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో వాళ్ల నాన్న మైదానం గడ్డిని చూసుకునే ఉద్యోగి. కొడుకు క్యాడీగా సంచులు మోస్తూ, ఆడేవాళ్లను చూస్తూ తనంతట తనే ఆట నేర్చాడు. దూరం కొట్టడంలో ఎప్పుడూ వెనకే. గ్రీన్ బయటి నుంచి బంతిని చిన్నగా లేపి కొట్టే చిప్పింగ్‌లో, పటింగ్‌లో మాత్రం ఆరితేరాడు.

చిప్ కొట్టేవాడు బంతి ఎక్కడ పడాలో, పడ్డాక ఎంత దొర్లాలో ముందే చూడాలి. గడ్డి ఎటు వాలింది, తడి ఆరిందా అన్నది కాలికి తెలియాలి. గడ్డి పెంచే ఇంట్లో పుట్టినవాడికి ఆ చదువు తొందరగా అబ్బి ఉంటుందని నా ఊహ.

2008లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఇండియన్ మాస్టర్స్ గెలిచి యూరోపియన్ టూర్‌లో తొలి టైటిల్ అందుకున్నాడు. అక్కడ ఫెయిర్‌వేలు ఇరుకు, గురి తప్పితే బంతి పొదలపాలు. 2016లో ఇండియన్ ఓపెన్ కూడా అక్కడే గెలిచాడు. ఇరుకు మైదానం కలిసొచ్చిందనుకుందామా? మరుసటి ఏడాది అదే టైటిల్‌ను గుర్‌గావ్‌లో, ఎగుడుదిగుడు గ్రీన్లున్న కఠినమైన కోర్సులో, ఏడు దెబ్బల తేడాతో నిలబెట్టుకున్నాడు.

స్పెయిన్‌లో రైతుబిడ్డ సెవె బాలెస్టెరోస్‌దీ ఇదే బడి. పెడ్రేన్యా సముద్రపు ఇసుకలో ఒకే ఒక్క ఐరన్ కర్రతో సాధన చేసి, మూడుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు.

ఖరీదైన సామాన్లు లేనివాడికి దక్కేది ఈ చిన్న ఆటే. కానీ దానికీ కాస్త గడ్డి కావాలి. చౌరాసియాకు అది దొరికింది, తండ్రి గేటు లోపల పనిచేశాడు కనుక. గేటు బయటి పిల్లలకు మన క్లబ్బులు మొత్తం మైదానం ఇవ్వనక్కర్లేదు. వారానికో పూట పటింగ్ గ్రీన్, నాలుగు పాత కర్రలు ఇస్తే చాలు.