అట్టల్లేని పుస్తకాలు

సింగపూరులో పాత పుస్తకాల పిచ్చి ఉన్నవాడు ఏదో ఒక శనివారం బ్రాస్ బాసా కాంప్లెక్సుకి చేరక తప్పదు. 1980లో కట్టిన ఆ భవనాన్ని ఇక్కడి చైనీయులు పుస్తకాల నగరం అంటారు. కింది అంతస్తుల్లో కొట్లు, పైన సంసారాలు. కొట్టువాడు మనల్ని పలకరించడు, మనం ఎంతసేపు నిలబడి చదివినా అదిలించడు. నాకు ఈ ఊళ్ళో నచ్చిన మర్యాదల్లో అదొకటి. ఇంతకుముందు సుంగై రోడ్డులో దొంగల బజారు ఉండేది. ముసలివాళ్ళు నేలమీద గోనెపట్టాలు పరుచుకుని పాత గడియారాలు, తుప్పుపట్టిన మరమేకులు, ఇంగ్లీషు పిల్లల బొమ్మల పత్రికలు అన్నీ ఒకే కుప్పగా పోసి అమ్మేవారు. 2017 జూలై 10న దాన్ని మూసేశారు. ఎక్కడో వానలో తడిసి, ఎండి, అట్ట సగం ఊడిపోయిన బొమ్మల పుస్తకం రెండు డాలర్లకు దొరికే చోటు అదే. ఇప్పుడు అలాంటివి ప్లాస్టిక్ సంచీలో పెట్టి, వెనక అట్టముక్క ఆనించి, ఇరవై డాలర్లు అంటున్నారు.

సోనీ ల్యూ గీసిన 'ది ఆర్ట్ ఆఫ్ చార్లీ చాన్ హాక్ చై' నా చేతికి వచ్చింది బ్రాస్ బాసాలోనే. నేను చెప్పదలచుకున్నది ఆ పుస్తకం గురించి. మధ్యలో తెనాలి వెళ్ళి రావలసి వస్తుంది, ఓపిక పట్టండి.

2015లో ఎపిగ్రామ్ బుక్స్ వాళ్ళు వేశారు. చార్లీ చాన్ అనే ముసలి చిత్రకారుడు, 1938లో పుట్టినవాడు, తన జీవితకాలమంతా గీసి దాచుకున్న కామిక్సు పెట్టెలు విప్పి మనకు చూపిస్తాడు. 1950ల నాటి ఒక మరమనిషి కథ. ఆ మరమనిషికి చైనా భాషలో చెబితేనే అర్థమవుతుంది, ఇంగ్లీషులో ఆజ్ఞాపిస్తే కదలడు. బొద్దింక మనిషి కథ ఒకటి, జంతువుల వేషంలో రాజకీయ నాయకులు తిరిగే బుకిట్ చపలాంగ్ ఒకటి. ప్రతిదానికీ వేరే గీత, వేరే అచ్చు పద్ధతి. ఒకటి తెజుకాని గుర్తుకు తెస్తుంది, ఇంకొకటి బ్రిటిష్ 'ఈగిల్' పత్రికని. పేజీలు పసుపుపచ్చగా ఉంటాయి. అంచులు చిరిగి ఉంటాయి, అతికించిన టేపు గోధుమరంగుకి తిరిగి ఉంటుంది.

చార్లీ చాన్ అనేవాడు లేడు. ఆ కామిక్సూ లేవు. ఆ మరకల్ని కూడా ల్యూయే గీశాడు. నేను మొదటి పాతిక పేజీలు అచ్చంగా నమ్మాను. నమ్మించింది కథ కాదు, కాగితం రంగు. పాత కాగితం అబద్ధం చెప్పదని మనకొక గుడ్డినమ్మకం ఉంది. ఆ బలహీనత మీద ల్యూ సరిగ్గా వేలు పెట్టాడు. పాతవి సేకరించేవాడి కంటికి మరకే సంతకం. ఆ కంటిని మోసం చేసి, ఆ దారినే లోపలికి జొరబడి, హాక్ లీ బస్సు అల్లర్లు, లిమ్ చిన్ సియాంగ్ అరెస్టు, 1963 నాటి కోల్డ్‌స్టోర్ దాడుల గురించి మాట్లాడతాడు. బడిపుస్తకంలో ఒక పేరాతో దాటిపోయేవాటిని ఇతను బొమ్మ తరవాత బొమ్మగా నిలబెడతాడు.

జాతీయ కళామండలి 8,000 డాలర్ల సాయం ప్రకటించి, పుస్తకం విడుదలకు ముందు వెనక్కు తీసుకుంది. అచ్చయిపోయిన ప్రతుల మీద ఉన్న మండలి గుర్తును ప్రచురణకర్తలు స్టిక్కరుతో కప్పి అమ్మారు. మొదటి ముద్రణ చూస్తుండగానే అయిపోయింది. 2017లో మూడు ఐస్నర్ బహుమతులు వచ్చాయి. ఇప్పుడు జరుగుతున్న తమాషా ఏమిటంటే, లేని పాత కామిక్సు గురించి గీసిన ఈ కొత్త కామిక్సు మొదటి ముద్రణ ప్రతి కోసం జనం వెతుకుతున్నారు. స్టిక్కరు ఉందా, గోకితే వస్తుందా అని అడిగేవాణ్ణి నేను కొట్లో కళ్ళారా చూశాను. ల్యూ దీన్ని కూడా ఒక పేజీగా గీసి ఉండవలసింది.

అరుదు అనే మాటకి అర్థం ఏమిటో ఈ పుస్తకం చదివాక నాకు కొంత తెలిసింది. చార్లీ దగ్గర అన్నీ భద్రంగా ఎందుకున్నాయి? చాలావరకు అమ్ముడుపోలేదు కాబట్టి. అమ్ముడుపోయినవి చదివి చదివి చినిగిపోతాయి. అమెరికాలో 1938లో పది సెంట్లకు అమ్మిన సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన సంచిక ప్రతి ఒకటి 2024 ఏప్రిల్లో 60 లక్షల డాలర్లకు పోయింది. పిల్లలు నలిపేసినవి కొన్ని, యుద్ధకాలంలో చిత్తుకాగితాల కింద ఇచ్చేసినవి కొన్ని, అలా పోగా మిగిలిన కొద్ది ప్రతులకు ఆ ధర. అలాంటివాటికి మార్కులు వేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తారు. ఆ తరవాత ఎవ్వరూ దాన్ని తెరవకూడదు. తెరవని పుస్తకానికే విలువ!

ఇక తెనాలి. మా పెద్దనాన్నగారు ప్రతినెలా చందమామ రాగానే ముందు సీరియల్ పేజీలు చాకుతో కోసేవారు. వాటిని వరసగా పేర్చి, సంవత్సరాంతాన బైండు చేయించేవారు. వారపత్రికల సీరియళ్ళకు కూడా అదే గతి. ఆయన ఒక్కరే కాదు, ఆ రోజుల్లో ఊరూరా ఇదే పని. తెలుగు పాఠకుడు కథని దాచుకున్నాడు, పత్రికని చంపేశాడు. వడ్డాది పాపయ్యగారి అట్టలు, ఎం.టి.వి. ఆచార్యగారి మహాభారతం అట్టలు ఇవాళ మంచి స్థితిలో దొరకటం కష్టమవటానికి ఒక కారణం మన ప్రేమే. అట్ట ఉప్పు పొట్లానికి పోయింది, కథ బీరువాలో మిగిలింది. అమెరికా కలెక్టరు పద్ధతికి ఇది తలకిందులు.

ఇందులో ఎవరిది తెలివి అంటే నేను సులువుగా తేల్చలేను. పెద్దనాన్నగారు చేసింది నేరమని నాకు పాతికేళ్ళు అనిపించింది. ఒకసారి అబిడ్స్ ఆదివారం బజారులో చిల్లర డబ్బులతో సహా మొత్తం ఖర్చుపెట్టి ఒక చందమామల కట్ట కొని, సింగపూరు తెచ్చి, విప్పి చూస్తే అన్నిటికీ అట్టలు ఉన్నాయి, సీరియల్ పేజీలు లేవు. ఎవరో ఇంకో పెద్దనాన్న! ఆ రోజు తిట్టుకున్నాను, తరవాత నవ్వుకున్నాను. ఆ కోసిన పేజీలు ఏ ఊరిలోనో, ఎవరి అటకమీదనో ఉండే ఉంటాయి.

ఇంకొకటి కూడా ఉంది. చందమామలో చాలా కథలకు రాసినవాళ్ళ పేర్లు ఉండేవి కావు. 'తోకచుక్క' మొదలు 'రాకాసిలోయ' దాకా మనల్ని అన్నం మానిపించిన సీరియళ్ళ రచయిత దాసరి సుబ్రహ్మణ్యంగారని చాలామందికి చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన 2010 జనవరిలో పోయారు. ఆ తరవాత ఆ సీరియళ్ళు పుస్తకాలుగా వచ్చాయి. పాత సంచికలు దాచినవాళ్ళు లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు. సేకరణకు నేను చెయ్యెత్తి నమస్కరించేది ఇటువంటి చోట. చందమామ స్వయంగా 2013 నాటికి ఆగిపోయింది కనక ఇక వాళ్ళే దిక్కు.

సింగపూరు చిత్రకారుడు తన దేశానికి లేని చార్లీని కల్పించుకోవలసి వచ్చింది. మనకు నిజంగానే ఒకాయన ఉన్నారు. బుజ్జాయిగారు, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి అబ్బాయి. 1960ల్లో 'ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా'లో రంగుల్లో పంచతంత్రాన్ని వారంవారం బొమ్మలకథగా గీశారు. అమర్ చిత్రకథ అప్పటికింకా పుట్టలేదు. మనవాడు డుంబు ఉన్నాడు. 2020లో ఆయన పోయినప్పుడు మన పత్రికలు కృష్ణశాస్త్రిగారి కుమారుడు అన్నంత గట్టిగా మొదటితరం కామిక్సు చిత్రకారుడు అనలేదు. ఆయన గీత మీద, ఆ గళ్ళ అమరిక మీద, ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మలోకి కథని ఎలా నడిపించారన్నదాని మీద తెలుగులో గట్టి విమర్శ నేను చదవలేదు. శంకర్ గారి బేతాళుడి బొమ్మ చూసి 'ఆహా, ఆ రోజులు' అంటాం. ఆ బొమ్మలో చెట్టుకొమ్మ ఎటు వంగింది, కన్ను ముందు ఎక్కడికి పోతుంది అని అడగం. మనం సేకరించేది బొమ్మని కాదేమో, మన పదేళ్ళ వయసుని. ల్యూ తన చార్లీని అలా వదిలెయ్యలేదు. ప్రతి కామిక్సు పక్కన ఏది ఎవరి ప్రభావం, ఏది దేన్ని ఎద్దేవా చేస్తోంది అని విడమర్చాడు. లేనివాడికి జరిగిన ఆ గౌరవం ఉన్నవాడికి జరగలేదు.

అయితే ల్యూతో నాకో పేచీ ఉంది. ఇంత పెద్ద పుస్తకంలో చార్లీ కామిక్సు చదివిన పిల్లవాడి జాడ నాకు దొరకలేదు. గీసినవాడు ఉన్నాడు, ప్రభుత్వం ఉంది, చరిత్ర ఉంది. కాగితాల మీద మరకలున్నాయి, మరక చేసిన వేలు లేదు. అవి పాఠకుడు చెయ్యని మరకలు కాబట్టి చివరికి అందంగా మాత్రమే మిగిలాయి. 1950ల సింగపూరులో రోడ్డుపక్క ముక్కాలిపీటల మీద కూర్చుని, కొద్ది సెంట్లిచ్చి చైనా బొమ్మల కథలు అద్దెకి చదువుకున్న పిల్లలుండేవారు. వాళ్ళలో ఒకడు పెద్దవాడై చార్లీ తలుపు తట్టి 'ఆ మరమనిషి చివరికి ఏమయ్యాడు?' అని అడిగి ఉంటే నేను ఈ పుస్తకాన్ని ఇంకా ప్రేమించేవాణ్ణి.

పెద్దనాన్నగారి బైండు పోయినేడు నా దగ్గరికి వచ్చింది. 'రాకాసిలోయ'. హైదరాబాదులో చందమామలు సేకరించే పెద్దమనిషికి ఫోన్ చేసి, కావాలంటే స్కాన్ చేసుకోండి అన్నాను. "అట్టలున్నాయాండీ?" అన్నారాయన. లేవన్నాను. "అబ్బే, అయితే ఎందుకండీ," అన్నారు నొప్పించకుండా.

రాత్రి మా అక్కకి చెప్పాను. అట్ట సంగతి ఆవిడ అడగలేదు. "చివరి భాగం ఉందిట్రా?" అంది.

చూశాను. చివరి రెండు నెలల పేజీలు లేవు.

"అవి నేనే కోసి దాచుకున్నాలే, పెళ్ళప్పుడు పెట్టెలో పట్టుకెళ్ళాను," అంది. "ఎక్కడున్నాయో వెతకాలి. ఈలోగా కథ చెప్పనా?"

గంటన్నర చెప్పింది.