దావీదు దోషం - కథకుని ధర్మం

వేలూరు, గుడియాత్తం, అణైకట్ ప్రాంతాల తెలుగు విద్యార్థికి దావీదు కథ రెండు భాషల్లో అందుతుంది. ఆయన పేరుతో ముడిపడిన గీతాల గ్రంథాన్ని తమిళ బైబిలు ‘సంగీతం’ అంటుంది. తెలుగు బైబిలు ‘కీర్తనలు’ అంటుంది. కీర్తన అనగానే మనకు అన్నమయ్య, త్యాగయ్య మెదులుతారు. భక్తుని నిర్మల జీవితం మెదులుతుంది. దావీదు జీవితం ఆ ఊహలో ఒదగదు.

రెండవ సమూయేలు 11వ అధ్యాయంలో సైన్యం రబ్బాను ముట్టడిస్తూ ఉండగా రాజు యెరూషలేములో ఉండిపోయాడు. ఊరియా భార్య బత్షెబను పిలిపించుకొన్నాడు. ఆమె గర్భవతి కాగా సంగతి కప్పిపుచ్చడానికి ఊరియాను రప్పించాడు. తోటి సైనికులు ఆరుబయట ఉండగా తాను ఇంటికి పోనన్నాడు ఊరియా. అతని మరణపత్రం అతని చేతనే సేనాపతి యోవాబుకు పంపాడు రాజు. కథకుడు ఒక్క సాకు కూడా చెప్పడు.

మొదటి దినవృత్తాంతములు 20వ అధ్యాయంలో కూడా రాజు యెరూషలేములో ఉండిపోతాడు. వెంటనే రబ్బా పతనమవుతుంది. నడుమ బత్షెబ లేదు, ఊరియా హత్య లేదు. రాజు కీర్తిని కాపాడే ఒక మార్గం మౌనం.

మన సాహిత్యంలో మరో మార్గం ఉంది. నన్నయ భారతంలో దుష్యంతుడు శకుంతలను ఎరిగి ఉండీ ఎరుగనంటాడు; ఆకాశవాణి పలికాకనే స్వీకరిస్తాడు. కాళిదాసు నాటకంలో దుర్వాసుని శాపం ఆ అబద్ధాన్ని మరుపుగా మార్చింది. నాయకుడు నిర్దోషి అయ్యాడు. కాని శకుంతల ఆగ్రహానికి తగిన దోషి లేకుండా పోయాడు.

సమూయేలు కథకుడు ఈ రెండు మార్గాలనూ కాదన్నాడు. నాతాను ప్రవక్త గొర్రెపిల్ల కథ చెప్పి, రాజు చేతనే తీర్పు చెప్పించి, ఆ తీర్పును రాజు మీదికే తిప్పాడు. దావీదు వాదించలేదు, ఒప్పుకొన్నాడు. క్షమ లభించింది. కాని బిడ్డ దక్కలేదు. తరువాత కొడుకు అబ్షాలోమే తిరగబడ్డాడు.

కనుక ఇక్కడ దైవానుగ్రహం యోగ్యతాపత్రం కాదు. నిజాన్ని ముఖం మీద చెప్పే మనిషి రావడమే అనుగ్రహం. అయితే ఏ తప్పూ ఎరుగని బిడ్డ ఎందుకు చనిపోవాలి? భక్తితో చదివినా, సాహిత్యంగా చదివినా ఈ ప్రశ్నను దాటిపోకూడదు.

51వ కీర్తన శీర్షిక ఆ ప్రార్థనను నాతాను రాకతో ముడిపెడుతుంది. అందులో ఊరియా పేరు లేదు. ఆ పేరును పాఠకుడే గుర్తుపెట్టుకోవాలి.