నాయనమ్మకు గంజి కాసేదెవరు?

దళిత కథల్లో ముసలమ్మలకు కొదవ లేదు. నులక మంచం మీద కూచుని సామెతలు చెబుతారు, పాతకాలపు ఆకలి చెబుతారు, దొరను తిట్టిపోస్తారు. కానీ వాళ్లకు జబ్బు చెయ్యదు, పక్క తడవదు. రాత్రి రెండుసార్లు లేచి ఒత్తిగిలించి పడుకోబెట్టాల్సిన ముసలమ్మలు మన కథల్లో ఎంతమంది? విమర్శకులం కూడా ఆ లెక్క అడగలేదు. 'అంటరాని వసంతం' (2000)లో జి. కళ్యాణరావు రూతు జ్ఞాపకాల గుండా తరాల కథ నడిపిస్తే ఆ జ్ఞాపకం దగ్గరే ఆగి చప్పట్లు కొట్టాం. దాన్ని మోస్తున్న ఒళ్లు సంగతేంటని మనలో ఎందరం అడిగాం? ముసలమ్మ మనకు చరిత్రగా కావాలి. మనిషిగా చూస్తే పని పడుతుంది మరి.

సుజాత గిడ్ల ఇంగ్లీషులో రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' (2017) ఈ విషయంలో మన కళ్లు తెరిపించాల్సిన పుస్తకం. తల్లి మరియమ్మ చనిపోయింది. తండ్రి ప్రసన్నరావు పిల్లల్ని వదిలి వెళ్లిపోయాడు. సత్యం, క్యారీ, మంజుల, ఈ ముగ్గుర్నీ సాకింది ముసలామె మార్తమ్మ. ఈ పుస్తకాన్ని మనం ఎక్కువగా సత్యం కోసమే చదివాం. తప్పేం కాదు. సత్యం అంటే కె.జి. సత్యమూర్తి, మన శివసాగర్ (1931–2012), 1980లో పీపుల్స్ వార్ స్థాపకుల్లో ఒకరు. అయితే రచయిత్రి ఈ కథను మేనమామ దగ్గరే కాదు, తల్లి మంజుల దగ్గర కూడా విన్నది. ఉద్యమంలోకి వెళ్లిన మనిషికి అసలు పేరూ ఉంది, కవిపేరూ ఉంది. తల్లిలేని ఆడపిల్లగా పెరిగి, చదువుకుని, సంసారం ఈదిన మనిషి కథ అచ్చులో చూడ్డానికి 2017 దాకా ఆగాల్సొచ్చింది, అదీ మరో భాషలో. తల్లి పోయిన పిల్లల దుఃఖమూ, ముసలితనంలో మళ్లీ పిల్లల్ని పెంచాల్సొచ్చిన మార్తమ్మ రెక్కల కష్టమూ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఆ కప్పు కింద నుంచి చూస్తే శివసాగర్ కవిత్వం కూడా వేరేగా కనిపిస్తుందని నా నమ్మకం. ఆ పని ఇంకా ఎవరూ చేపట్టినట్టు నాకు కనబడలేదు.

ఇక చావు సంగతి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగుర్ని, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. తొంభైల దళిత కవిత్వం ఆ నెత్తుటి మడుగుల్లోంచి లేచింది. చంపబడ్డవాడు అందులో అమరుడు. ఇంట్లో మాత్రం అతను ఒకరికి కొడుకు, ఒకరికి నాయన. ముసలామె రాగం తీసి ఏడుస్తుంది. పల్లెలో ఆమెకు ఆ హక్కుంది. ఇరవయ్యేళ్ల మనమరాలు ఏడవకూడదు. ఆమె ఏడిస్తే నాయనమ్మ ముద్ద ముట్టదు. అందుకని అంతా కడుపులో పెట్టుకుని గంజి కాస్తది, మాత్ర మింగిస్తది, మాసిన గుడ్డలు ఉతుకుతది. వర్ధంతి సభకు పిలిచి ఆ పిల్ల చేత దండ వేయిస్తాం. దండ వేసి ఆమె ఏ ఇంటికి పోతుందో మన కవిత ఆ ఇంటిదాకా పోదు.

చట్టమూ పోలేదు. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నిబంధనలు హతుడి మీద ఆధారపడ్డవాళ్లకు పింఛను, లేదంటే ఇంట్లో ఒకరికి ఉద్యోగం అన్నాయి. పిల్లల చదువు ఖర్చూ రాశాయి. సరే, ఉద్యోగానికి పోతే ముసలామె దగ్గర ఎవరుండాలి? చదువు మానుకుని ఇంట్లో ఉండిపోతే ఆ ఉండిపోవడాన్ని ఏ పద్దులో రాస్తారు?

'ఇది ఇంటి గొడవ, కులం గొడవ కాదు' అనే మిత్రులున్నారు. వాళ్లను పట్నంలో పెద్దింటి ముసలివాళ్ల దగ్గర ఆయాలుగా చేసేవాళ్లు ఏ వాడల నుంచి వస్తున్నారో చూడమంటాను. మలమూత్రాలెత్తే పని కులం చేత చేయించే పని అని మనమే రాశాం, గొంతెత్తి రాశాం. అదే ఆడమనిషి పొద్దుగూకి ఇంటికొచ్చి మంచాన పడ్డ తన అత్తకు చేస్తే మాత్రం ప్రేమ అని ఊరుకుంటున్నాం. చేతులు అవే, బకెట్టు అదే. ప్రేమ లేదని నేననను. ఆ ప్రేమలో విసుగు ఎంతో, అసహ్యం ఎంతో, మధ్యాహ్నం పరాయింట్లో పడ్డ మాటలు ఎంతో రాయడానికి మన దగ్గర ఇంకా భాష తయారు కాలేదు. గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' నా బల్ల మీద ఉంది. అమరులెవరో వెతకడానికి ఒకసారి చదివాను. ఇప్పుడు గంజి కాసేదెవరో వెతకడానికి మొదటి పేజీ నుంచి మళ్లీ చదువుతున్నాను.